తిరుపతిలో ఉంటూ న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ: టాపిక్ నుంచి వైవా దాకా

తిరుపతి, చిత్తూరు కోర్టు ఆవరణల్లో ఎల్‌ఎల్‌ఎం చేసి నల్లకోటు వేసుకున్నవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో చాలామందికి పీహెచ్‌డీ ఆశ ఉంటుంది. నోటిఫికేషన్ పడగానే జూనియర్లు అడిగేది ఒకటే: "సీటు ఎట్ల వస్తుంది సార్?" దానికి దారి ఉంది, కింద చెప్తాను. అయితే లా పీహెచ్‌డీలు ఎక్కువగా ఆగిపోయేది సీటు దగ్గర కాదు. చట్టం పేరునే టాపిక్‌గా పెట్టుకుని, అందులో ఏం తేల్చాలో తెలియక, మూడో ఏడాదికి ముందుకూ పోలేక వెనక్కూ రాలేక ఆగిపోతాయి. అందుకే ఇక్కడ టాపిక్‌కీ, సమాచార సేకరణకీ ఎక్కువ చోటిచ్చాను. ఫారాలు నింపడం ఎలాగో మీరే చూసుకోగలరు.

1. ఏ డాక్టరేట్, ఎందుకు

మన దగ్గర న్యాయశాస్త్రంలో పరిశోధన డాక్టరేట్ అంటే పీహెచ్‌డీయే. ఎల్‌ఎల్‌డీ అనేది చాలాచోట్ల పీహెచ్‌డీ తర్వాత చేసే పై డిగ్రీ, ఇప్పుడే దాని జోలికి పోనక్కర్లేదు. అమెరికాలో ఎస్‌జేడీ, జేఎస్‌డీ అనేవి మన పీహెచ్‌డీకి సాటి వచ్చేవి. జేడీ మాత్రం మన ఎల్‌ఎల్‌బీ లాంటి వృత్తి డిగ్రీ. పేరులో డాక్టర్ ఉందని మోసపోవద్దు. పనిచేస్తున్న వృత్తినిపుణుల కోసం బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రొఫెషనల్ డాక్టరేట్లు నడుపుతాయి. ఇక్కడ ప్రాక్టీసులో ఉన్నవాళ్లకు ఆ అవసరం తీర్చేది పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి, దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో పీహెచ్‌డీని మాత్రం ఒప్పుకోవు. "ఇంట్లోనే ఉండి రెండేళ్లలో పీహెచ్‌డీ, థీసిస్ మేమే రాసిస్తాం" అనే ఏజెంట్లకు ఫోను నంబరు కూడా ఇవ్వకండి.

ఎందుకు చేస్తున్నారో కూడా మీలో మీరు తేల్చుకోవాలి. జడ్జి కావడానికీ, ప్రాక్టీసు పెరగడానికీ పీహెచ్‌డీ అక్కర్లేదు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మాత్రం కావాల్సిందే. ఇవేవీ లేకుండా ఒక న్యాయసమస్య మిమ్మల్ని ఏళ్ల తరబడి కుదురుగా ఉండనివ్వకపోతే, అది అన్నిటికంటే గట్టి కారణం.

2. అర్హత, నెట్, నోటిఫికేషన్

ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. 2013 నుంచి వచ్చిన ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసినవాళ్లు, తాము పెట్టుకోబోయే విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో అర్హత పేరాను రెండుసార్లు చదువుకోవాలి.

ప్రవేశానికి ఇప్పుడు నెట్ పెద్ద దారి. 2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తోంది: జేఆర్ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే పరిశోధన ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత. జేఆర్ఎఫ్ రానివాళ్ల మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాది పాటే చెల్లుతాయి. ఎంపికలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. నెట్ ఏటా రెండుసార్లు ఉంటుంది. మొదటి పేపరు 100 మార్కులు, లా పేపరు 200. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రాక్టీసు చేసేవాళ్లు లా పేపరు తమకు వచ్చనుకుని మొదటి పేపరును వదిలేస్తారు. లా పేపరులోనూ సివిల్ కోర్టు అనుభవం పనికిరాని అంతర్జాతీయ న్యాయం, న్యాయతత్వశాస్త్రం, తులనాత్మక పాలనా వ్యవస్థలు కూర్చుని ఉంటాయి. చదవాల్సిందే, అడ్డదారి లేదు.

జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. ఎల్‌ఎల్‌ఎం ఉన్నవాళ్లకు మూడేళ్లు, మహిళలకూ రిజర్వేషన్ వర్గాలకూ అయిదేళ్ల వరకు సడలింపు ఉంటుంది. ఎల్‌ఎల్‌ఎం సడలింపు సంగతి చాలామందికి తెలియక 31కే ఆశ వదులుకుంటారు. 2023 నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, తర్వాతి దశలో 42,000 రూపాయలు. ఆ డబ్బుతో ఫుల్‌టైమ్ చేయదలచుకున్న లాయర్లు సనదు (ప్రాక్టీసు లైసెన్సు) విషయం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబు దగ్గర పెట్టుకోవాలి. నోటి మాట పనికిరాదు. పాఠాలు చెప్పడానికైతే అడ్డు లేదు: 1979 నాటి నియమాల కింద న్యాయవాది రోజుకు మూడు గంటలకు మించకుండా లా బోధించవచ్చు.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఉన్నత విద్యామండలి తరఫున ఏపీఆర్‌సెట్ అనే ప్రవేశపరీక్ష కూడా ఉంది. దాని నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో పడుతుందని నమ్ముకోవద్దు. తిరుపతిలో 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం రెండింటిలోనూ లా విభాగాలున్నాయి. ఊరు కదలగలిగితే విశాఖలోని దామోదరం సంజీవయ్య, హైదరాబాదులోని నల్సార్, బెంగళూరు నేషనల్ లా స్కూల్ ఉన్నాయి. మా మటుకు మాకు చెన్నై, బెంగళూరు విశాఖకంటే చాలా దగ్గర.

ఉద్యోగులు పార్ట్‌టైమ్‌లో చేరాలంటే ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అందులో మూడు మాటలు ఉండాలి: చదువుకోవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు సమయం దొరుకుతుందని, కోర్స్‌వర్క్ కోసం అవసరమైతే విధుల నుంచి వదులుతామని. ఒక్కటి తక్కువైనా మళ్లీ ఆఫీసు మెట్లెక్కాలి.

3. టాపిక్: కొండ కిందే ఉంది

"భారతదేశంలో పర్యావరణ చట్టాలు – ఒక విమర్శనాత్మక అధ్యయనం." ఇలాంటి శీర్షికతో మొదలయ్యే సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) కుప్పలుగా వస్తాయి. ఇందులో చట్టం ఉంది, దేశం ఉంది, ప్రశ్న లేదు. ఢిల్లీలో కూర్చున్నవాడు మీకంటే బాగా రాయగల టాపిక్ మీకెందుకు? మీకు బస్సు దూరంలో ఉండి, వాడికి అందని సమాచారం ఏముందో చూసుకోండి.

ఎర్రచందనం తీసుకుందాం. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ, పాలకొండ, నల్లమల చుట్టుపక్కలే. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. తిరుపతిలో ఎర్రచందనం కేసులకు ప్రత్యేక కోర్టు ఉంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే, ఇది టాపిక్ కాదు.

ఇంకొంచెం దగ్గరికి రండి. దుంగలు నరకడానికి వచ్చేవాళ్లలో చాలామంది తమిళనాడులోని జవ్వాది కొండల నుంచి, తిరువణ్ణామలై వైపు నుంచి వచ్చే కూలీలు. కొందరు నిందితుల మీద మామూలు కేసుతో పాటు 1986 నాటి పీడీ యాక్ట్ ప్రయోగిస్తారు. విచారణ లేకుండా 12 నెలల వరకు నిర్బంధించే చట్టం అది. నిర్బంధానికి కారణాలు చెప్పాలని రాజ్యాంగం 22(5) అధికరణ అంటుంది. ఆ కారణాలు మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, ఇంగ్లిషు కాగితం చేతిలో పెట్టి నోటితో వివరిస్తే సరిపోదని సుప్రీంకోర్టు 1962లోనే హరికిషన్ కేసులో చెప్పింది. మరి తమిళం తప్ప వేరే భాష రాని మనిషికి మన జిల్లాలో ఏ భాషలో కాగితాలు ఇచ్చారు? అనువాదం ఎవరు చేశారు? అది లేదని ఎన్ని ఉత్తర్వులు హైకోర్టులో కొట్టుడుపోయాయి?

ఇది ప్రశ్న. దీనికి జవాబు పుస్తకాల్లో లేదు, రికార్డుల్లో ఉంది. అది "అవును" కావచ్చు, "కాదు" కావచ్చు. ఏ జవాబైనా థీసిస్ నిలబడుతుంది. టాపిక్‌కు నేను పెట్టే పరీక్ష ఇదే: జవాబు ముందే తెలిసిపోతే అది పరిశోధన కాదు, వ్యాసం.

ఎర్రచందనం ఒక్కటే కాదు. తిరుమల విషయానికొస్తే 1987 నాటి 30వ చట్టం మిరాశీ (వంశపారంపర్య) హక్కులను తీసేసింది, 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత అర్చక కుటుంబాల విషయంలో వచ్చిన సవరణలు, నియామకాలు, వ్యాజ్యాలు విడిగా ఒక థీసిస్‌కు సరిపోతాయి. 2009లో తిరుపతి లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉత్పత్తిదారుల సమూహం కోసం చేసిన చట్టం కింద ఒకే సంస్థ హక్కుదారు అయితే ఏమవుతుందన్నది మంచి ప్రశ్న. శ్రీకాళహస్తి కలంకారీకీ గుర్తింపు ఉంది, అయినా స్క్రీన్ ప్రింటు గుడ్డను కలంకారీ పేరుతో అమ్మడం ఆగలేదు. నమోదైన వినియోగదారులు ఎంతమంది, ఉల్లంఘన మీద ఎవరు ఎక్కడ ఫిర్యాదు చేశారన్నది కళాకారుల ఇళ్లకు వెళ్తే గానీ తేలదు. చిత్తూరు తోతాపురి సంగతి మరీ వేడిగా ఉంది. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించారు. అలా ప్రకటించిన ధరకు చట్టబలం ఎంత, గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వకపోతే రైతు ఏ కోర్టుకు పోవాలి? యానాదుల వెట్టిచాకిరీ కేసుల్లో 1976 చట్టం కింద విడుదల పత్రం వచ్చాక ఏం జరిగిందన్నది ఇంకొకటి.

ప్రశ్న దొరికాక శోధ్‌గంగలో వెతకండి. దేశంలో సమర్పించిన థీసిస్‌లు అక్కడ ఉంటాయి. అదే టాపిక్ మీద ఇప్పటికే ఒకటి ఉంటే భయపడక్కర్లేదు. దాని చివరి అధ్యాయం చదవండి, అందులో వదిలేసినవాటి నుంచి మీ పని మొదలుపెట్టొచ్చు.

4. గైడు

ప్రొఫెసరు ఒకేసారి 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి గైడు చేయకూడదు. ఉద్యోగ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. కాబట్టి ఎవరి దగ్గర ఖాళీ ఉంది, ఎవరు ఎప్పుడు రిటైర్ అవుతున్నారు అన్నవి మర్యాదగా ముందే తెలుసుకోవాలి. సార్ ఎంత పెద్దవారు అన్నదానికంటే, ఆయన దగ్గర చేసినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు, ఎంతకాలం పట్టింది అన్నది చూడండి. పాత స్కాలర్లతో ఒక టీ తాగితే తెలిసిపోతుంది. కలవడానికి వెళ్లేటప్పుడు రెండు పేజీల కాగితం తీసుకెళ్లండి. శాలువా అక్కర్లేదు.

5. సినాప్సిస్, ఇంటర్వ్యూ

సినాప్సిస్‌లో నేపథ్యం రెండు పేరాలకు మించొద్దు. ప్రశ్న, దానికి ముందున్న పరిశోధనలో ఖాళీ, సమాచారం ఎక్కడి నుంచి ఎలా తెస్తారు, ఏ కాలం, ఏ జిల్లాలు, అధ్యాయాల వరస – బలం ఇక్కడ పెట్టాలి. పైన చెప్పిన పీడీ యాక్ట్ టాపిక్ పెట్టుకున్నారనుకోండి, ఇంటర్వ్యూ కమిటీ అడిగే మాటలు ఎక్కువగా ఇలా ఉంటాయి:

"ఎన్ని ఉత్తర్వులు చూస్తారు?"

"2015 నుంచి హైకోర్టులో తీర్పు వచ్చిన హెబియస్ కార్పస్ పిటిషన్లన్నీ సార్."

"అన్నీ దొరుకుతాయా?"

"తీర్పులు వెబ్‌సైట్‌లో ఉన్నాయి మేడమ్. అసలు నిర్బంధ ఉత్తర్వులు దొరకనివి ఉంటాయి. వాటికి పిటిషనరు తరఫు లాయర్ల ఫైళ్లు అడుగుతాను. అవీ లేకపోతే ఆ కేసును విడిగా చూపిస్తాను."

రెండో జవాబు లాంటిది చెప్పగలిగినవాళ్లకు సీటు రావడం నేను చూశాను. దొరకని సమాచారం గురించి ముందే ఆలోచించుకున్నాడని కమిటీకి అర్థమవుతుంది.

6. మొదటి ఏడాది

కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులు, పరిశోధన నీతి తప్పకుండా ఉంటాయి. 55 శాతం తెచ్చుకోవాలి. ప్రాక్టీసులో ఉన్నవాళ్లకు ఈ ఏడాదే కష్టం, వాయిదాలన్నీ తరగతుల మీదే పడతాయి. నమ్మకమైన జూనియర్‌ను గానీ స్నేహితుణ్ణి గానీ ముందే మాట్లాడి పెట్టుకోండి. ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా సంఘం ముందు పని చూపించాలి. దాన్ని తంతుగా తీసుకోకుండా ప్రతిసారీ ఒక అధ్యాయం చిత్తుప్రతి ఇచ్చేవాళ్లు ముందు పూర్తిచేస్తారు.

కాలపరిమితి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవాళ్లకు ఆపైన మరో రెండేళ్లు. ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు కూడా ఉంది.

7. రికార్డులు

పీడీ యాక్ట్ ఉదాహరణతోనే చెప్తాను, ఎందుకంటే పద్ధతి ఏ టాపిక్‌కైనా ఒకటే.

ఎక్సెల్ షీటు తెరవండి. ఒక్కో కేసుకు ఒక వరస. నిలువు గడులు చట్టమే ఇస్తుంది: ఉత్తర్వు తేదీ, 12 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిందా, పట్టుకున్న తేదీ, 5 రోజుల్లోపు కారణాలు అందాయా, 3 వారాల్లోపు సలహా మండలికి (నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసేది) పంపారా, 7 వారాల్లోపు మండలి నివేదిక వచ్చిందా. వీటికి మీ గడులు కలపండి: ఏ భాషలో కాగితాలు ఇచ్చారు, అప్పటికే బెయిల్ వచ్చిందా, ఎన్ని పాత కేసులు చూపించారు, కోర్టు ఏ కారణంతో కొట్టేసింది. ముప్పై కేసులు నింపేసరికి మీరు ఊహించని సంగతులు బయటపడతాయి. ఒక ఉత్తర్వులోని పేరా ఇంకో ఉత్తర్వులో పేర్లు మార్చి అక్షరం పొల్లుపోకుండా కనిపించిందనుకోండి, అధికారి నిజంగా ఆలోచించి సంతకం పెట్టారా అన్న ప్రశ్నకు అదే సాక్ష్యం.

తీర్పులకు సుప్రీంకోర్టు ఈఎస్‌సీఆర్, హైకోర్టు వెబ్‌సైట్, ఇండియన్ కానూన్ ఉచితం. ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర విశ్వవిద్యాలయం ద్వారా దొరుకుతాయేమో లైబ్రరీలో అడగండి. 2019 జనవరి 1కి ముందు తీర్పులు హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టువి, తర్వాతివి అమరావతివి. రెండుచోట్లా వెతకాలి. జిల్లాల విషయంలోనూ అంతే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు ఉత్తర్వులో చిత్తూరు కలెక్టర్ ఉంటే, తర్వాత అదే పోలీస్ స్టేషన్‌కు తిరుపతి కలెక్టర్ ఉంటారు. గూడూరు, సూళ్లూరుపేట వైపు కేసులు పాత నెల్లూరు జిల్లా లెక్కలో ఉంటాయి. జిల్లాల వారీగా పోల్చి పట్టిక వేసేవాళ్లు ఇది చూసుకోకపోతే అంకెలు తప్పుతాయి.

కింది కోర్టు రికార్డులకు సర్టిఫైడ్ కాపీ దరఖాస్తు పెట్టాలి. కేసు నంబరు, పార్టీల పేర్లు, తీర్పు తేదీ మూడూ సరిగ్గా రాస్తే సగం పని అయినట్టే. పాత కట్ట రికార్డు రూములో ఏ అరలో ఉందో తెలిసిన ఉద్యోగి దగ్గర ఓపిగ్గా ఉండండి, ఆయన భోజనం వేళకు వెళ్లొద్దు. ప్రభుత్వ శాఖల నుంచి అంకెలకు సమాచార హక్కు చట్టం, 10 రూపాయల ఫీజు. "అన్ని వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఏమీ రాదు. "2018 నుంచి 2023 వరకు ఏడాదివారీగా జారీచేసిన ఉత్తర్వుల సంఖ్య, సలహా మండలి ఒప్పుకోని వాటి సంఖ్య" అని రాస్తే వచ్చే అవకాశం ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

మనుషులతో మాట్లాడాల్సి వస్తే సమ్మతి పత్రం వాళ్ల భాషలో ఉండాలి. పేర్లు మార్చండి, ఊరు చూసి గుర్తుపట్టగలిగితే ఊరూ మార్చండి. అత్యాచార కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరమే. మీ పరిశోధనకు దాని నుంచి ప్రత్యేక మినహాయింపు ఉందనుకోవద్దు.

చట్టం మారుతూనే ఉంటుంది. పీడీ నిర్బంధ ఉత్తర్వు ఒకసారికి మూడు నెలలకు మించి ఇవ్వకూడదన్న 2014 నాటి చెరుకూరి మణి తీర్పును ఆధారం చేసుకుని థీసిస్ రాస్తున్నవాళ్లకు 2023లో పేసల నూకరాజు తీర్పు వచ్చి నేల కదిలించింది, పాత తీర్పు సరికాదని తేల్చింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు కొత్త సంహిత అమల్లోకి వచ్చింది. పీడీ యాక్ట్‌లో 'గూండా' నిర్వచనమేమో ఐపీసీ అధ్యాయాల నంబర్లతో ఉంది. ఇలాంటివి వచ్చినప్పుడు కంగారుపడకుండా, మీ అధ్యయనం ఏ తేదీ వరకు అన్నది మొదటి అధ్యాయంలోనే గీత గీసి, తర్వాతి మార్పులకు ఒక విభాగం పెట్టండి.

8. రాయడం

తీర్పుల సారాంశాలు వరసగా పేర్చడం థీసిస్ కాదు. ప్రతి తీర్పు దగ్గరా మీ ప్రశ్నకు ఇది ఏం చెప్తోందో ఒక వాక్యం రాయలేకపోతే దాన్ని తీసేయండి. థీసిస్ ఇంగ్లిషులో రాస్తుంటే, తెలుగు ఎఫ్ఐఆర్‌ను అనువదించినచోట మూలవాక్యం ఫుట్‌నోట్‌లో ఉంచండి. అదే మీ బలం, దాన్ని దాచుకోవద్దు. ఉల్లేఖన పద్ధతి ఏదో గైడుతో మొదటి రోజే తేల్చుకుని చివరిదాకా అదే పట్టుకోండి. 2023 నుంచి వచ్చిన న్యూట్రల్ సైటేషన్లు (తీర్పుకు కోర్టే ఇచ్చే నంబర్లు) కూడా వేయండి.

నకలు పరీక్షకు యూజీసీ 2018 నిబంధనలు వర్తిస్తాయి. 10 శాతం వరకు ఫరవాలేదు. 40 దాకా అయితే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 60 దాకా అయితే ఏడాది ఆగాలి, దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చట్టాల పాఠం, మూలం చెప్పి ఉల్లేఖించినవి లెక్కలోకి రాకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ వాటినీ ఎర్రగా చూపిస్తే నివేదిక పట్టుకుని కూర్చుని ఒక్కొక్కటీ గైడుకు చూపించండి. పదాలు తిప్పి రాసి శాతం తగ్గించే పనికి దిగితే సెక్షన్ అర్థమే మారిపోతుంది.

9. సమర్పణ, వైవా

2022 నిబంధనల్లో వ్యాసాలు ప్రచురించాలన్న తప్పనిసరి లేదు, అయినా విశ్వవిద్యాలయం సొంతంగా అడగవచ్చు. అడగకపోయినా ఒక మంచి వ్యాసం వేసుకోండి. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల్లో మాత్రం వద్దు, తర్వాత ఇంటర్వ్యూల్లో అది మీ మెడకే చుట్టుకుంటుంది.

థీసిస్‌ను గైడు కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదువుతారు. సమర్పణ నుంచి మొత్తం ప్రక్రియ ఆరు నెలల్లో ముగించాలని నిబంధన. ఆలస్యమైతే ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో నెలకోసారి వెళ్లి అడగడం తప్పు కాదు. వైవా అందరి ముందూ జరుగుతుంది, కాబట్టి కోర్టులో మీకు ఎదురుపడే సీనియర్లను కూడా పిలవవచ్చు. పరీక్షకుల నివేదికల్లోని ప్రతి అభ్యంతరానికీ జవాబు, థీసిస్‌లో దాని పేజీ నంబరు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అడ్డుప్రశ్న వచ్చినప్పుడు వాదనకు దిగే అలవాటు లాయర్లకు ఎక్కువ. అక్కడ మీరు సాక్షి బోనులో ఉన్నారు, అడిగినదానికే జవాబు చెప్పాలి.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఇచ్చినట్టు అందులో రాసి ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.